కాలేయ మార్పిడి: ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఆగాలి?



ఈసారి సిర్రోసిస్ గురించి, కాలేయ మార్పిడి గురించి రాయమని డాక్టరుగారు అన్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఒక ప్లాస్టిక్ క్యాను. 2011లో నేను మగవారి మెడికల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టరుగా ఉండేదాన్ని. నలభై ఆరేళ్ల ట్రాక్టరు డ్రైవరు ఒకాయన పదిహేను రోజులకొకసారి పొట్టలో నీరు తీయించుకోవడానికి వచ్చేవారు. సూది పెట్టి గొట్టం తగిలిస్తే ఆ నీరు క్యానులో పడేది. ఆరు లీటర్లు, ఏడు లీటర్లు అని లెక్క రాసేది నేనే. "ఇంకా ఎన్నిసార్లు సిస్టరమ్మా?" అని ఆయన భార్య అడిగితే, "వచ్చినప్పుడల్లా తీస్తాంలే అమ్మా, భయపడకండి" అని ధైర్యం చెప్పేదాన్ని.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఆయన మత్తుగా, మాట తడబడుతూ వచ్చారు. మూత్రం తగ్గిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని రక్తపరీక్షలో తెలిసింది. పట్నంలోని పెద్దాసుపత్రికి పంపించాము. "నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే మార్పిడి గురించి ఆలోచించేవాళ్లం" అని అక్కడి డాక్టర్లు చెప్పారట. ఐదో రోజున ఆయన చనిపోయారు.

నెల తరువాత ఆమె ఏవో కాగితాల కోసం వచ్చి, వార్డు గుమ్మం దగ్గర నిలబడి, "అన్నిసార్లు వచ్చాము కదమ్మా, అలాంటి ఆపరేషన్ ఒకటి ఉందని ఒక్కరైనా చెప్పలేదే" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఆ మాట మాత్రం ఈనాటికీ నన్ను వదలలేదు. ఆయన తాగుడు మాని అప్పటికి ఏడాది దాటింది. "తాగి తెచ్చుకున్న జబ్బు, మనకెవరు చేస్తారులే" అనుకుని వాళ్లు అడగలేదు. "వీళ్ల దగ్గర అంత డబ్బు ఎక్కడిది" అనుకుని మేము చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన తప్పక బతికేవారని నేను అనను. కాని తేల్చుకునే అవకాశమైనా వాళ్లకు దక్కేది. మరో కుటుంబానికి అలా జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

కాలేయం ఏమి చేస్తుంది? సిర్రోసిస్ అంటే ఏమిటి?

కాలేయాన్ని మనం లివర్ అని కూడా అంటాము. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవారిలో సుమారు కిలోన్నర బరువు ఉంటుంది. తిన్న ఆహారాన్ని శరీరానికి కావలసిన రూపంలోకి మార్చడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తయారుచేయడం, అల్బుమిన్ అనే మాంసకృత్తిని తయారుచేయడం, మందులను, విషాలను విరిచివేయడం, పైత్యరసం తయారుచేయడం దాని పనులు. కిడ్నీలకు డయాలిసిస్ ఉన్నట్టు, ఏళ్ల తరబడి లివర్ పని చేసిపెట్టే యంత్రమేదీ లేదు.

కాలేయానికి దెబ్బ తగిలితే తిరిగి పెరిగే శక్తి ఉంది. కాని ఏళ్ల తరబడి దెబ్బ మీద దెబ్బ తగులుతుంటే మెత్తని కండ ఉండవలసిన చోట మచ్చ కడుతుంది. కాలిన గాయం మానిన తరువాత చర్మం గట్టిపడి ముడుచుకుపోవడం మీరు చూసే ఉంటారు. లోపల కాలేయమంతా అలా గట్టిపడి గడ్డలు గడ్డలుగా మారడమే సిర్రోసిస్. మద్యం, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, షుగరు, స్థూలకాయం ఉన్నవారిలో లివరుకు కొవ్వు పట్టడం దీనికి ముఖ్య కారణాలు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు, శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసే జబ్బులు కూడా ఉన్నాయి. కాబట్టి సిర్రోసిస్ అనగానే "తాగుబోతు" అని ముద్ర వేయకండి. జీవితంలో చుక్క ముట్టని ఆడవారికి కూడా ఈ జబ్బుతో మంచం ఇచ్చాము.

రెండు దశలు, నాలుగు గంటలు

సిర్రోసిస్ అని రిపోర్టులో రాగానే కాలేయం మార్చవలసిందే అనుకోవద్దు. ఇందులో రెండు దశలు ఉన్నాయి. మొదటి దశలో మచ్చ పడినా మిగిలిన కాలేయం పని నెట్టుకొస్తుంది. మనిషి పొలానికి వెళ్తాడు, ఉద్యోగం చేస్తాడు. ఏ స్కానింగ్‌లోనో బయటపడితే తప్ప జబ్బు ఉన్నట్టే తెలియదు. ఈ దశలో చాలామంది ఏళ్ల తరబడి బాగానే ఉంటారు. వీరికి మార్పిడి అవసరం లేదు. కారణానికి మందు వాడటం, ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకోవడం చాలు.

రెండవ దశలో కాలేయం ఇక నెట్టుకురాలేదు. ఆ దశకు వచ్చామని చెప్పే గంటలు నాలుగు ఉన్నాయి:

1. పొట్టలో నీరు చేరడం, కాళ్లు వాయడం.
2. రక్తపు వాంతులు కావడం, లేదా తారులాగా నల్లని విరేచనం కావడం. గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పోలేక ఆహారనాళంలోని నరాలు ఉబ్బి పగలడం దీనికి కారణం.
3. మతి తప్పడం. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, చేతులు వణకడం, సంతకం వంకర పోవడం, తెలిసినవారిని గుర్తుపట్టకపోవడం.
4. కళ్లు పచ్చబడి, ఆ పసుపు తగ్గకపోవడం.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మొదటిసారి వచ్చినా, అదే కాలేయ నిపుణుని దగ్గరకు వెళ్లవలసిన సమయం. నీరు మందులతో తగ్గిపోయినా సరే, వాంతి ఆగిపోయినా సరే, ఒకసారి వెళ్లి చూపించుకోండి. వెళ్లడమంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. "మాకు మార్పిడి అవసరమా? ఇప్పుడా, తరువాతనా, అసలు వద్దా?" అని అడిగి తెలుసుకోవడం మాత్రమే. ఈ తేడా తెలియక చాలామంది భయపడి ఆగిపోతున్నారు.

మంచిదైతే వెంటనే ఎందుకు చేయరు?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. జవాబు తెలుసుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

కాలేయ మార్పిడి చాలా పెద్ద ఆపరేషన్. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు. మంచి కేంద్రాలలో ఆపరేషన్ అయిన నూరుమందిలో 85 నుంచి 90 మంది ఏడాది తరువాత బతికి ఉంటారు. అంటే పది, పదిహేను మంది ఉండరు. బతికినవారు కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం వేసుకోవాలి. ఆ మందుల వలన జబ్బులను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది, షుగరు, బి.పి., కిడ్నీ ఇబ్బందులు రావచ్చు.

కాబట్టి డాక్టర్లు త్రాసులో రెండు పళ్లాలు పెట్టి చూస్తారు. ఒక పళ్లెంలో ఉన్న కాలేయంతోనే ఉంటే వచ్చే ప్రమాదం, రెండవ పళ్లెంలో ఆపరేషన్ వలన వచ్చే ప్రమాదం. జబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆపరేషనే ఎక్కువ ప్రమాదం. జబ్బు ముదిరినప్పుడు ఆపరేషనే మేలు. మరీ ముదిరిపోతే ఆ మనిషి ఆపరేషన్‌ను తట్టుకోలేడు. ఈ రెండింటి మధ్య ఉన్నదే సరైన సమయం. అది కొందరికి ఏళ్లు ఉంటుంది, కొందరికి కొన్ని వారాలే ఉంటుంది.

మెల్డ్ స్కోరు

వెనకటి రోజుల్లో డాక్టర్లు ఎక్కువగా చైల్డ్-ప్యూ అనే లెక్క వాడేవారు. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మతి, ఈ ఐదింటికి మార్కులు వేసి ఎ, బి, సి అని మూడు తరగతులు చేస్తారు. 5, 6 మార్కులు వస్తే ఎ, 7 నుంచి 9 వస్తే బి, 10 నుంచి 15 వస్తే సి. ఈ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. కాని నీరు "కొంచెం" ఉందా, "ఎక్కువ" ఉందా అనేది ఒక్కో డాక్టరుకు ఒక్కోలా కనిపించవచ్చు.

అందుకని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు రక్తపరీక్షల మీదే ఆధారపడే మెల్డ్ అనే లెక్క తయారుచేశారు. 2002 నుంచి ఆ దేశంలో వెయిటింగ్ లిస్టులో ఎవరు ముందు అనేది దీని ప్రకారమే నిర్ణయించసాగారు. ఇందులో మొదట మూడు అంకెలు ఉండేవి: పసుపు ఎంత ఉందో చెప్పే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టడాన్ని చెప్పే ఐ.ఎన్.ఆర్., కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్. 2016లో అక్కడి లెక్కలో సోడియం చేర్చారు. 2023లో అల్బుమిన్‌ను చేర్చి, ఆడవారికి పాత లెక్కలో జరిగే అన్యాయాన్ని కూడా సరిచేశారు. ఆడవారిలో కండ తక్కువ గనుక క్రియాటినిన్ తక్కువగా కనిపించి, వారి జబ్బు ఉన్నదానికంటే చిన్నదిగా లెక్కకు వచ్చేది.

స్కోరు 6 నుంచి 40 వరకు ఉంటుంది. ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ. 2003లో ప్రచురించిన అమెరికా వెయిటింగ్ లిస్టు వివరాల ప్రకారం, మార్పిడి జరగకుండా మూడు నెలల లోపు చనిపోయినవారు నూటికి ఇలా ఉన్నారు:

10 నుంచి 19 స్కోరు ఉన్నవారిలో సుమారు 6 మంది.
20 నుంచి 29 ఉన్నవారిలో సుమారు 20 మంది.
30 నుంచి 39 ఉన్నవారిలో సుమారు 53 మంది.
40 ఉన్నవారిలో సుమారు 71 మంది.

మరొక ముఖ్యమైన పరిశీలన 2005లో వచ్చింది. స్కోరు 15 కంటే తక్కువ ఉన్నవారు ఆపరేషన్ చేయించుకుంటే, మొదటి ఏడాదిలో, ఆగినవారి కంటే వారికే ప్రమాదం ఎక్కువగా ఉంది. అప్పటి నుంచి 15 అనేది ఒక గీతలాగా అయింది. 15 దగ్గరకు వస్తే మార్పిడి కేంద్రానికి పంపాలి, అంతకు తక్కువైతే సాధారణంగా ఆగవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. బిలిరుబిన్ 2, ఐ.ఎన్.ఆర్. 1.3, క్రియాటినిన్ 0.9 ఉన్నవారికి పాత మెల్డ్ లెక్కలో స్కోరు 12 వస్తుంది. బిలిరుబిన్ 6, ఐ.ఎన్.ఆర్. 1.9, క్రియాటినిన్ 1.6 ఉన్నవారికి 25 వస్తుంది. ఇందులో క్రియాటినిన్ ఒకటి నుంచి 1.6కి పెరగడమే నాలుగైదు పాయింట్లు కలిపింది. ఇంట్లోవాళ్లు కళ్ల పసుపునే చూస్తుంటారు. కిడ్నీ అంకె కూడా చూడండి. మా ట్రాక్టరు డ్రైవరుగారి విషయంలో చివరికి ముంచింది అదే.

అంకె తక్కువగా ఉన్నా ఆగకూడని సందర్భాలు

స్కోరు అన్నీ చెప్పదు. ఈ కింది పరిస్థితులలో అంకె 15 లోపు ఉన్నా నిపుణుని అభిప్రాయం తీసుకోవాలి.

మందులకు లొంగని నీరు: మూత్రం మాత్రలు వాడినా, ఉప్పు తగ్గించినా నీరు తిరిగి తిరిగి చేరుతుంటే, లేదా ఆ మాత్రలు పడక ఆపవలసి వస్తే, దానిని తేలికగా తీసుకోకూడదు. ఈ స్థితికి వచ్చినవారిలో మార్పిడి లేకుండా ఏడాది దాటేవారు సుమారు సగంమందే. నీరు తీయడం ఉపశమనం ఇస్తుంది, జబ్బును నయం చేయదు. ఆ రోజుల్లో నేను చెప్పిన ధైర్యంలో లోపం ఇదే.

నీటిలో ఇన్ఫెక్షన్: పొట్టనొప్పి, జ్వరం, మత్తు వస్తే నీటిని పరీక్షకు పంపాలి. ఒక్కసారి ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినా అది హెచ్చరికే.

మళ్లీ మళ్లీ మతి తప్పడం, మళ్లీ మళ్లీ రక్తపు వాంతులు: మందులు, ఎండోస్కోపీలో బ్యాండ్లు వేయడం చేసినా ఆగకపోతే ఆలోచించాలి.

కాలేయంలో క్యాన్సరు గడ్డ: సిర్రోసిస్ ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించమంటాము. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే దొరికితే మార్పిడితో క్యాన్సరు, సిర్రోసిస్ రెండూ పోయే అవకాశం ఉంది. 1996లో ఇటలీలోని మిలాన్ నగర వైద్యులు ఇచ్చిన కొలత ఇప్పటికీ ఆధారంగా ఉంది: ఒకటే గడ్డ అయితే 5 సెంటీమీటర్లకు మించకూడదు, రెండు మూడు ఉంటే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లకు మించకూడదు, రక్తనాళాలకు గాని బయటికి గాని పాకి ఉండకూడదు. ఆరు నెలల స్కానింగ్ మానేసినవారు ఈ అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

లివరు జబ్బు వలన ఊపిరితిత్తులు దెబ్బతిని ఆక్సిజన్ తగ్గిపోవడం కూడా ఇలాంటి సందర్భమే.

ఆగితే మేలు జరిగే సందర్భాలు

రెండో వైపు కూడా చెప్పాలి. కొందరికి కారణం తీసేస్తే కాలేయం తేరుకుంటుంది.

హెపటైటిస్ బి ఉన్నవారు టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ మాత్ర రోజూ వేసుకుంటే, పొట్టలో నీరు వచ్చిన తరువాత కూడా చాలామంది కోలుకుంటారు. హెపటైటిస్ సి అయితే సాధారణంగా మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండు జబ్బులకు ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితం. అయితే సి ఉండి మార్పిడికి దగ్గరపడినవారికి మందు ముందా, ఆపరేషన్ ముందా అనేది నిపుణులే చెప్పాలి.

మద్యం విషయంలో "ఆరు నెలలు మానితేనే ఆపరేషన్" అనే మాట మీరు వినే ఉంటారు. ఈ నియమం ఎందుకు వచ్చిందంటే, మానిన మూడు నుంచి ఆరు నెలల్లో కొందరి కాలేయం బాగా తేరుకుని ఆపరేషన్ అవసరమే లేకుండా పోతుంది. మానగలడా లేదా అనేది కూడా తెలుస్తుంది. నీరు, మతి తప్పడం, రక్తస్రావం ఏవీ లేకుండా ఏడాది గడిస్తే తిరిగి తేరుకున్నట్టు లెక్కించవచ్చని నిపుణులు 2021లో జరిగిన సమావేశంలో ఒప్పుకున్నారు. కాని ఆరు నెలలు అనేది రాతి మీద రాత కాదు. మద్యం వలన కాలేయం ఒక్కసారిగా వాచి, స్టెరాయిడ్లకు కూడా లొంగని కొందరిని జాగ్రత్తగా ఎంపిక చేసి, ఆగకుండా మార్పిడి చేస్తే ఆరు నెలలకు నూటికి 77 మంది బతికారని, చేయనివారిలో 23 మందే మిగిలారని ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు 2011లో తెలియజేశారు. కాబట్టి తాగుడు వలన వచ్చిందని సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. మాని, ఆ రోజు నుంచే అడగండి. తిరిగి తాగితే మాత్రం కొత్త కాలేయమైనా పాడవుతుంది.

మా దగ్గరకు వచ్చే ఒక టైలరుగారికి పొట్టలో నీరు రాగానే ఈసారి ఆలస్యం చేయకుండా పంపించాము. హెపటైటిస్ బి అని తేలింది. మాత్ర మొదలుపెట్టారు, మార్పిడి పరీక్షలు కూడా చేశారు. ఏడాదిన్నర తరువాత స్కోరు 18 నుంచి 9కి దిగింది. "ఇప్పుడు అవసరం లేదు" అని వాళ్లే చెప్పారు. ముందుగా వెళ్లడం వలన ఆయన పోగొట్టుకున్నది ఏమీ లేదు.

ఎవరికి చేయలేరు?

గుండె, ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవారికి, క్యాన్సరు బయటికి పాకినవారికి, అదుపులోకి రాని ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, తాగడం కొనసాగిస్తున్నవారికి, మందులు వేయించి చూసుకునే మనిషి ఎవరూ లేనివారికి సాధారణంగా చేయరు. వయస్సు ఒక్కటే అడ్డు కాదు. అరవై దాటినవారికి కూడా మిగతా ఆరోగ్యం బాగుంటే చేస్తున్నారు. బాగా కండ కరిగి మంచం పట్టినవారు ఆపరేషన్‌కు తట్టుకోరు. తొందరగా వెళ్లాలనడానికి ఇది కూడా ఒక కారణం.

చేయలేమని చెప్పినప్పుడు ఆ రోగిని వదిలేసినట్టు కాదు. నొప్పి, ఆయాసం, దురద, నీరు లేకుండా చూసే వైద్యం చివరి వరకు ఉంది. ఇంటికి దగ్గరలోనే, తనవారి మధ్య ఉండేలా చూడటం కూడా వైద్యమే.

కాలేయం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు విధాలుగా వస్తుంది. మొదటిది బతికి ఉన్న బంధువు తన కాలేయంలో ఒక భాగం ఇవ్వడం. మన దేశంలో 1998లో ఢిల్లీలో ఇరవై నెలల బాబుకు తండ్రి కాలేయ భాగంతో చేసిన ఆపరేషన్ విజయవంతమైంది. ఇచ్చిన భాగం, మిగిలిన భాగం రెండూ కొద్ది నెలల్లో దాదాపు మునుపటి పరిమాణానికి పెరుగుతాయి. 1994 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, భార్యాభర్తలు, తోబుట్టువులు దగ్గర బంధువులు. 2011 సవరణలో తాత, అమ్మమ్మ, నాన్నమ్మ, మనవలు, మనవరాళ్లను చేర్చారు. ఇతరులు ఇవ్వాలంటే కమిటీ అనుమతి కావాలి. అవయవాలు అమ్మడం, కొనడం నేరం.

దాతకు కూడా ప్రమాదం లేకపోలేదు. పెద్ద భాగం ఇచ్చిన దాతలలో వెయ్యికి ఇద్దరు నుంచి ఐదుగురు వరకు ప్రాణం పోయే అవకాశం ఉందని లెక్క. అందుచేత దాతను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇష్టం లేదంటే ఆపేస్తారు. భార్య కదా, చెల్లెలు కదా, ఇవ్వవలసిందే అని ఇంట్లో ఎవరినీ ఒత్తిడి చేయవద్దు. ఇవ్వనన్నవారిని తరువాత దెప్పవద్దు.

రెండవది, బ్రెయిన్ డెత్ జరిగినవారి కుటుంబం అవయవాలు దానం చేయడం. వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించిన తరువాతనే బ్రెయిన్ డెత్ అని ధ్రువీకరిస్తుంది. తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను జీవన్‌దాన్ కార్యక్రమం ద్వారా ఈ అవయవాలు కేటాయిస్తారు. మార్పిడి కేంద్రమే రోగి పేరు నమోదు చేస్తుంది. ఈ దారిలో రోజు మన చేతిలో ఉండదు. నమోదు ఆలస్యమైతే ఎదురుచూసే సమయం కూడా తగ్గిపోతుంది.

ఖర్చు గురించి దాచడం నాకు ఇష్టం లేదు. ప్రైవేటు ఆసుపత్రులలో సాధారణంగా ఇరవై లక్షలకు అటు ఇటుగా, ఒక్కోసారి అంతకు మించి అవుతుంది. తరువాత మందులకు నెలనెలా వేలల్లో కావాలి. అయితే హైదరాబాదులోని ఉస్మానియా జనరల్ ఆసుపత్రి, నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలలో కూడా కాలేయ మార్పిడులు జరిగాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం, ముఖ్యమంత్రి సహాయనిధి గురించి ముందే కౌంటరులో విచారించండి. "మనవల్ల కాదు" అని అడగకుండానే నిర్ణయించుకోవద్దు. మేము కూడా మీ బదులు అలా నిర్ణయించకూడదు. ఆ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో చేయవలసినవి

మార్పిడి అవసరమైనా కాకపోయినా ఈ జాగ్రత్తలు అందరికీ వర్తిస్తాయి.

పథ్యం పేరుతో మనిషిని ఎండగట్టవద్దు. బార్లీ నీళ్లు, మజ్జిగన్నంతో నెలలు గడిపితే కండ కరిగిపోతుంది. పప్పు, పెరుగు, గుడ్డు, పాలు ఇవ్వండి. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు లాంటిది తప్పక పెట్టండి. రాత్రంతా ఖాళీ కడుపు ఈ జబ్బులో మంచిది కాదు.

నీరు చేరేవారికి ఉప్పు రోజుకు మొత్తం ఒక చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు మానాలి.

ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి మాత్రలు వేయవద్దు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి ఈ రోగుల కిడ్నీలను దెబ్బతీస్తాయి. కామెర్లకు పసరు మందు పోయించవద్దు.

మతి తప్పే ఇబ్బంది ఉన్నవారికి లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా చూసుకోవాలి. "విరేచనాలు అవుతున్నాయి" అని మానేసి మత్తులో వచ్చినవారిని ఎంతోమందిని చూశాము.

రక్తపు వాంతి, నల్లని విరేచనం, జ్వరం, మత్తు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు

పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకోండి. స్కానింగ్, ఎండోస్కోపీ కాగితాలు, ఎన్నిసార్లు ఎన్ని లీటర్లు నీరు తీశారో రాసిన చీటీ, వాడుతున్న మందులు, మద్యం మానిన తేదీ ఉండాలి. కుటుంబంలో నిర్ణయం తీసుకునేవారు ఒకరు వెంట వెళ్లండి. ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. మా స్కోరు ఎంత? మూడు నెలల క్రితం కంటే పెరిగిందా, తగ్గిందా?
2. కారణానికి మందు ఉందా? దానితో తేరుకునే అవకాశం ఎంత?
3. మార్పిడి అవసరమైతే ఎప్పటిలోగా?
4. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాలా? బంధువులను పరీక్ష చేయించాలా?
5. చేయకపోతే ఏమి జరుగుతుంది?

మొదటి ప్రశ్నలోని "పెరిగిందా, తగ్గిందా" అన్నదే ముఖ్యం. ఒక్కరోజు అంకె కంటే అది నడిచే దారి ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మా వార్డులో నీరు తీసే గది దగ్గర ఒక రిజిస్టరు ఉంది. రెండవసారి నీరు తీయించుకోవడానికి వచ్చిన ప్రతి రోగి పేరు ఎదురుగా "నిపుణునికి చూపించారా?" అని ఒక గడి పెట్టించాము. అది ఖాళీగా ఉంటే ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టరు అడగాలి. కొత్తగా చేరిన పిల్లలు "ఇది డాక్టరుగారి పని కదా మేడమ్" అంటారు. వాళ్లకు ఆ ట్రాక్టరు డ్రైవరు భార్య సంగతి చెబుతాను.

మేము మరచిపోతే మీరు అడగండి. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని, సంఘంలోగాని పొట్టలో నీరుతో బాధపడుతున్నవారు ఉంటే ఈ కాగితం వారికి ఇవ్వండి. ముందుగా అడిగితే "ఇప్పుడే వద్దు" అనే జవాబు వచ్చినా సంతోషమే. ఆలస్యంగా అడిగినవారికి ఆ సంతోషం కూడా ఉండదు.

నర్సింగ్ సూపరింటెండెంట్